ఇంటిపేరు అడిగి చెప్పిన ధర

పత్రికాఫీసులో దేనికీ పనికిరాడనుకున్నవాడికి ధరల పట్టిక అప్పగిస్తారు. నాకు అప్పగించారు. ఇరవై ఏళ్ళకు పైగా రాశాను. ప్రతి శనివారం నాలుగో పేజీలో, సినిమా ప్రకటనలకూ మరణవార్తలకూ మధ్య మిగిలిన జాగాలో అచ్చయ్యేది. కోయంబత్తూరులో ఐదు అంగళ్ళు, పన్నెండు సరుకులు. ఏ అంగడిలో బియ్యం చవక, ఏ అంగడిలో మిరపకాయలు ప్రియం, ఎవరి దగ్గర వేరుసెనగ నూనె ఎంత. చదివినవాళ్ళు ఎందరో నాకు తెలియదు. నా భార్య మాత్రం ఒక్క వారం కూడా చదవలేదు. "మీరు రాసిన ధరకి ఎవురిస్తారు?" అనేది. నేను దాన్ని ఇంటి ఆడవాళ్ళ ఎగతాళి అనుకున్నాను. మొత్తం పత్రికలో నా పని గురించి సరైన విమర్శ అదొక్కటేనని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఈ మధ్య ఈ పనిలోకి వచ్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఏ సూపర్ మార్కెట్‌లో ఏది చవకో సరిపోల్చి రాయాలట, ఎలా రాయాలో చెప్పమన్నారు. అంగడి మెట్టు ఎక్కకుండానే ఐదు అంగళ్ళ ధరలు ఫోన్లో చూసి పట్టిక గీసేస్తున్నారు. గీతలు చక్కగా ఉన్నాయి, రంగులు కూడా వేశారు. వాళ్ళను చూసి నాకు నవ్వు వచ్చింది. ఫోను లేకుండానే నేనూ అదే వెధవపని చేశాను కాబట్టి ఆ నవ్వులో సగం నాకే చెందుతుంది.

ఉద్యోగంలో నేను రాసిందంతా తమిళమే. తెలుగు ఇంట్లో మాట్లాడే భాష. అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను. ఇప్పుడు దీన్ని తెలుగులోనే రాయడానికి కారణం ఒకటుంది. నేను చేసిన తప్పు తెలుగులోనే జరిగింది.

*కూర్చుని రాసే ధరలు*

ముందు తోటి విలేకరుల సంగతి చెబుతాను. తరువాత నన్ను నేను తిట్టుకునేటప్పుడు ఒంటరిగా ఉండకూడదు కదా.

పోటీ పత్రికలో ధరలు రాసే మనిషి ఒకాయన ఉండేవాడు. వర్షం వస్తే ఆయన బయటికి రాడు. పోయిన వారం ధరలకే ఐదు పైసలు కలిపి, రెండు చోట్ల ఐదు పైసలు తీసి పంపేవాడు. మూడు నెలల క్రితం తాళం పడిన అంగడిలో ఉల్లిపాయల ధర తగ్గిందని రాసి, దానికి పంట బాగా రావడం కారణమని కూడా వివరించాడు. ఒక్క పాఠకుడూ ఉత్తరం రాయలేదు. ఆయనకు పదోన్నతి వచ్చింది.

నన్ను రెండేళ్ళు మదురైకి పంపారు. అక్కడ పాత తెలుగు వీధిలో ఒక కిరాణా వర్తకుడు ధరలు పలక మీద సుద్దతో రాసి తగిలించేవాడు. నేను వెళ్ళినప్పుడల్లా ఆ పలక మీది ధరలు మిగతా అంగళ్ళకన్నా కాస్త తక్కువ. ఒకరోజు గొడుగు మరిచిపోయి వెనక్కి వెళ్తే ఆయన పలకను తిప్పి తగిలిస్తున్నాడు. రెండో వైపు వేరే ధరలు. నన్ను చూసి సిగ్గుపడలేదు. "ఇది పేపరు పక్క, అది కడ పక్క సార్" అన్నాడు. కడ అంటే మా వైపు అంగడి. ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు. ఒక అంగడికి రెండు ధరలుంటాయని నాకు మొదట పాఠం చెప్పినవాడు ఆయనే. నేను దాన్ని ఒక కేటుగాడి తమాషాగా తీసుకుని, ఆఫీసులో చెప్పి నవ్వించి, మరిచిపోయాను. మనకు పాఠాలు చెప్పేవాళ్ళకు కొదవ లేదు. వినే చెవి ఉండాలి.

*గోవిందసామి నాయుడి కడ*

మదురై నుంచి తిరిగొచ్చాక పట్టికలోకి ఐదు అంగళ్ళు నేనే ఎంచుకున్నాను. ఆర్.ఎస్. పురంలో కొత్తగా తెరిచిన పెద్ద అంగడి ఒకటి. అల్మరాల మధ్య మనమే తిరిగి సామాను ఏరుకుని, గాజుగది దగ్గర డబ్బు కట్టాలి. పెద్ద బజారులో రెండు. ఊరి తూర్పు పక్క ఒక నూలు మిల్లు, ఆ మిల్లు తన కార్మికుల కోసం లోపల నడిపే స్టోరు ఒకటి. ఆ మిల్లు గేటుకు ఎదురుగా గోవిందసామి నాయుడి మళిగ కడ ఒకటి. కిరాణా అంగడిని మా ఊళ్ళో అలాగే అంటారు.

నాయుడి కడలో పలక లేదు, కాగితం లేదు. ధర ఆయన నోట్లో ఉండేది. మొదటిసారి వెళ్ళి పేపరు మనిషినని తమిళంలో చెప్పాను. ఆయన నా మాట విని, మొహం చూసి, తెలుగులోకి దిగాడు.

"మీరు మనవాళ్ళా?"

"ఆమాండి."

"ఏ ఊరు?"

"తాతకాలంలో ఆండిపట్టి పక్క. ఇప్పుడు ఈడనే."

"ఇంటిపేరు?"

ఈ ప్రశ్న ఎంత పెద్దదో బయటివాళ్ళకు తెలియదు. మా వైపు ఇంటిపేరు ఏ కాగితం మీదా ఉండదు. బడిలో, రేషను కార్డులో, జీతం పట్టీలో అందరికీ తండ్రి పేరు మొదటి అక్షరమే. మావాళ్ళు తమిళదేశానికి వలసవచ్చిన నాలుగు వందల ఏళ్ళుగా ఇంటిపేరు నోటిలో మాత్రమే బతుకుతోంది. పెళ్ళి మాట వచ్చినప్పుడు బయటికి తీస్తారు, మాట ముగిశాక దాచేస్తారు. దాన్ని పప్పు తూచే మనిషి అడిగాడు. నేను చెప్పాను. ఆయన వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని, తన అత్తగారి ఊరు కారమడై దగ్గరని, అక్కడ మా ఇంటిపేరువాళ్ళకు తనవాళ్ళు పిల్లనిచ్చారని తేల్చాడు.

"అట్లయితే మీరు నాకి బావ కావాల!" అని, లోపలినుంచి స్టూలు తెప్పించి, కందిపప్పు కిలో మూడు ఇరవై, అంటే మూడు రూపాయల ఇరవై పైసలని చెప్పాడు.

నేను రాసుకున్నాను. మిల్లు స్టోరులో మూడు ముప్పై ఐదు. పెద్ద బజారులో, నేను తమిళంలో అడిగి తెలుసుకున్న రెండు చోట్లా మూడు నలభై పైనే. ఆ వారం, ఆ మరుసటి వారం, ఆ తరువాత ఏడాది పొడుగునా నా పట్టికలో నాయుడి కడే చవక. మనవాడు న్యాయంగా అమ్ముతున్నాడని లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా. తమిళ అంగళ్ళలో తమిళంలో అడిగి, తెలుగు అంగడిలో బావననిపించుకుని అడిగి, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి సరిపోల్చాను. ఈ తప్పు చేయడానికి పెద్ద తెలివి అక్కరలేదు. మా వాళ్ళలో పుడితే చాలు.

*రెండు పొట్లాలు*

ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఒక ఆడమనిషి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, జుట్టుకు దూది అంటుకుని ఉంది. షిఫ్టు దిగి నేరుగా వచ్చిందని అర్థమైంది. ఒక చేతిలో నా పట్టిక కత్తిరించిన కాగితం, మరో చేతిలో రెండు పొట్లాలు.

"ఈ వెల పట్టీ రాసేది మీరేదానా సార్?" అని తెలుగులో అడిగింది. మాటను నొక్కి చెప్పడానికి మా వైపువాళ్ళం తగిలించే తమిళపు 'దా' ఆమె నోటా ఉంది.

"నేనే. నీకు నేను తెలుగని ఎవరు చెప్పారు?"

"నాయుడు చెప్పినాడు. మా బావ పేపర్లో ఉండాడని కడకొచ్చినవాళ్ళందరికీ చెప్తా ఉండాడు."

ఆమె పేరు రూతమ్మ. ఆ మిల్లులో నూలు చుట్టే వైండింగ్ పని. మిల్లు వెనక కాలనీలో ఇల్లు. మా వైపు కాలనీ అంటే దళితవాడ. స్టోరు నడిపే కమిటీలో కార్మికుల తరఫున ఆమె సభ్యురాలు. చేతిలోని కాగితం మిల్లు నోటీసు బోర్డు నుంచి పీకి తెచ్చింది. కాగితం కింద మేనేజరు చేత్తో రెండు వరుసలు రాసి ఉన్నాయి. గేటు ఎదురుగానే ఇంత చవకగా దొరుకుతుంటే మిల్లు ఖర్చుతో స్టోరు ఎందుకు, ఈ నెలాఖరు సమావేశంలో నిర్ణయిస్తాం, అని.

"స్టోరు మూసేస్తారు సార్. మీ పట్టీ చూపించి మూసేస్తారు."

"నేను రాసింది నిజమే కదమ్మా. నాయుడి దగ్గర మూడు ఇరవై."

ఆమె నవ్వింది. ఆ నవ్వును ఇప్పటికీ మరిచిపోలేదు. మా ఎడిటరు నన్ను చూసి నవ్వే నవ్వులాంటిదే, కానీ దీనికి కారణం ఉంది. పొట్లాలు బల్ల మీద విప్పింది. ఒకదాంట్లో పప్పు శుభ్రంగా పచ్చగా ఉంది. అది స్టోరుది. రెండోది నూకలూ రాళ్ళూ కలిసి, కాస్త ముక్కిన వాసనతో ఉంది.

"ఇది మీ బావ కడది. ఎంతో తెలుసునా? మూడు అరవై."

"అబద్ధం" అన్నాను. నా నోట మొదట వచ్చిన మాట అదే. ఇరవై ఏళ్ళ వృత్తిలో నేను ఒక పాఠకురాలితో అన్న అతి నీచమైన మాట.

ఆమెకు కోపం రాలేదు. "అబద్ధమైతే శనివారం రాండి. నేను ముందు పోతాను, మీరు వెనక రాండి. చెవులు తెచ్చుకోండి, చాలు."

శనివారం వెళ్ళాను. నాయుడి కడ పక్కనే తమలపాకుల కొట్టు. దాని తడిక వెనక నిలబడితే మాటలన్నీ వినిపిస్తాయి. రూతమ్మ కడ ముందుకు వచ్చింది.

"అన్నా, కందిపప్పు అరకిలో."

"అన్నా అంటే? నీ అమ్మ సామీ అంటా ఉండె. ఆ మెట్టు దిగి నిలబడు."

"దిగిదా ఉండాను అన్నా. పప్పు ఎంత?"

"కిలో మూడు అరవై."

"పేపర్లో మూడు ఇరవై అని వేసినారే?"

"అయితే పేపరోడి కాడ పోయి కొనుక్కో, పో! పొద్దున్నే వచ్చేస్తారు పట్టీ పట్టుకొని."

గుమ్మం దగ్గర ఉన్న గోనెలోంచి పప్పు తీసి, తూచి, పొట్లం కట్టి మెట్టు మీద పెట్టాడు. చేతికి ఇవ్వలేదు. ఆమె తీసుకుని నా తడిక వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

పది నిమిషాలు ఆగి నేను వెళ్ళాను.

"వా బావా, రాండి రాండి! ఏమి ఇట్ల ఎండలో? మా చెల్లెలు బాగుండాదా?"

"బాగుండాది. పప్పు ఎంత ఈ వారం?"

"మీకి ఏడాదిగా ఒకటేదా. మూడు ఇరవై." లోపలి గోనె విప్పి చేరెడు పప్పు నా అరచేతిలో పోశాడు. బంగారంలా ఉంది.

"ఇప్పుడు పోయిన ఆమెకి మూడు అరవై అన్నావే?"

ఆయన దొంగలా ఉలిక్కిపడతాడనుకున్నాను. ఏమీ లేదు.

"ఎవురు, ఆ కాలనీదా? అది వేరే బావా. వాళ్ళకి ఒకటి, మనకి ఒకటి. ఇది ఇప్పటి కతా? మా నాయన కాలంలోనే అట్ల. మీరు మూడు ఇరవై రాసుకోండి."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో కపటం లేదు. మదురై వర్తకుడికి తాను మోసం చేస్తున్నానని తెలుసు, పలక తిప్పేవాడు. ఈయన దేన్నీ తిప్పలేదు. నా ముందర, పట్టపగలు, రెండు గోనెలు పెట్టుకుని అమ్మాడు. ఏడాదిగా ఆ గుమ్మం గోనెను దాటుకునే లోపలికి వెళ్ళాను. అది ఎవరికోసమని అడగాలని ఒక్కసారి తోచలేదు.

గేటు దగ్గర రూతమ్మ కాచుకుని ఉంది. నేను విన్నానని చెప్పాను. ఆమె కూడా తెలుగే కదా, అదే నాయుడు అదే భాషలో అలా ఎలా మాట్లాడాడు, అని ఏదో గొణిగాను. చదువుకున్నవాడి అమాయకత్వం వినడానికి ఎంత అసహ్యంగా ఉంటుందో నాకే వినిపించింది.

"మాకీ ఇంటిపేరు ఉండాది సార్. అడిగినోడెవుడు?" అంది ఆమె.

*ఒక కడకు ఒక ధర*

ఆ వారం పట్టికలో నాయుడి కడకు రెండు వరుసలు రాశాను. ఒకటి, లోపలి గోనె, తెలిసినవారికి. రెండోది, గుమ్మం గోనె, కాలనీవారికి. ధరలు ఎదురుగా. ఒక్క విశేషణం వాడలేదు. నా వృత్తిలో నేను సరిగ్గా రాసిన పట్టిక అదే.

మా ఎడిటరు దాన్ని కళ్ళద్దాలు పైకెత్తి చదివాడు. ఆయన ఎవరినీ తిట్టడు, గౌరవంగానే మాట్లాడతాడు. ఆ గౌరవం కింద ఎన్ని మంచి వార్తలు ఊపిరాడక చచ్చాయో నేను చూశాను.

"ఒక కడకు ఒక ధర" అన్నాడు.

"దానికి రెండున్నాయి సార్. నేను విన్నాను."

"రెండు ధరలుంటే అది పట్టిక కాదు, గలాటా. పాఠకుడికి ఏది తీసుకోవాలో తెలియదు."

"ఏ పాఠకుడికి సార్? తెలిసినవాడికా, కాలనీవాడికా?"

"మన పేపరు కొనేవాడికి" అన్నాడు. ఆ తరువాత, ఇంకేదో పేజీ తిప్పుతూ, "ఆయుధపూజకు నాయుడి ప్రకటన పావుపేజీ వస్తుంది కదా?" అని అడిగాడు. అడిగి, ఎర్ర సిరాతో రెండో వరుస కొట్టేశాడు.

ఇక్కడ నేను చేసిన పని రాయకపోతే ఈ వ్యాసం కూడా ఇంకో ధరల పట్టికే అవుతుంది. నేను ఏమీ చేయలేదు. కనీసం ఆ కడ పేరు మొత్తంగా తీసేయండి అని అడిగి ఉండవచ్చు. ఈ వారం పట్టికే ఇవ్వను అని ఉండవచ్చు. మూడు ఇరవై అబద్ధమని తెలిసి, అది నా పేరు లేని జాగాలో అచ్చవుతుందిలే అని ఊరుకున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం కాదు. అంత భయపడాల్సిన ఉద్యోగం కాదది. బద్ధకం. ఎడిటరుతో ఇంకో పది నిమిషాలు నిలబడి వాదించడానికి బద్ధకం. మీరు ఈ పనిలోకి వస్తే బెదిరింపులు వస్తాయేమోనని ధైర్యం కూడగట్టుకుంటారు. బెదిరించేంత విలువ మీకు ఎవరూ ఇవ్వరు. మీ బద్ధకాన్ని మాత్రం కనిపెట్టి ఉండండి.

శనివారం నాయుడి కడే మళ్ళీ చవక. మేనేజరు ఆ పట్టిక కూడా కత్తిరించి బోర్డు మీద అంటించాడు. సమావేశంలో రూతమ్మ పొట్లాలు విప్పి చూపిస్తే ఆయన వాటివైపు చూడలేదట. "పేపర్లో ఉన్నదానికన్నా నీ పొట్లం గొప్పదా?" అన్నాడట. నెలాఖరుకు స్టోరు మూశారు. ఆ గదిలో నూలు బేళ్ళు పెట్టారు.

*మా ఇంటి చుట్టాలు*

రూతమ్మ మళ్ళీ ఆఫీసుకు వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. దేనికీ సమయం ఉన్నట్టు లేదు ఆమెకు.

"స్టోరు పోయింది సార్. మా వరసలో పదకొండు ఇండ్లు. ఇంగ మీరుదా కొనియ్యాల."

"నేనా?"

"మూడు ఇరవై అని రాసిందెవురు? మీరు పోతే మూడు ఇరవైకి ఇస్తాడు. లోపలి గోనె ఇస్తాడు. పోయి కొనండి. పేపర్లో వేసింది నిజం కావాలంటే అదొక్కటే దారి."

జీతాల శనివారం వాళ్ళు డబ్బు చేర్చి ఇచ్చారు. నేను నాయుడి కడకు వెళ్ళి పదిహేను కిలోల కందిపప్పు, మినప్పప్పు, మిరపకాయలు, చింతపండు అడిగాను.

"ఏమి బావా, ఇంట్లో కల్యాణమా?"

"లేదప్పా. చుట్టాలు వచ్చిండారు."

"మంచిది మంచిది. చుట్టాలుంటేదా ఇల్లు." బండిలో వేసి పంపించాడు. పైన గుప్పెడు కొసరు కూడా వేశాడు.

బండి మా వాకిట్లో ఆగితే నా భార్య బయటికి వచ్చి చూసింది. సంగతి చెప్పాను. "ఇరవై ఏండ్లకి ఒక ఉపయోగమైన పని తెచ్చినారు" అని తక్కెడ తెచ్చి వసారాలో పెట్టింది. సాయంత్రం పదకొండు మంది వచ్చారు. పదకొండు కుప్పలు తూచింది ఆమే.

ఇంకో మాట కూడా రాయాలి. తూచడం ముగిశాక నా భార్య వంటింట్లోకి వెళ్ళి, కాఫీ కలిపి, ఏ గ్లాసుల్లో పోయాలో తెలియక నిలబడిపోయింది. నేను చూశాను. "అన్నీ ఒకటే గ్లాసులు" అని నేను అనాలి. అనలేదు. రూతమ్మ వాకిట్లోంచే, "మేము తాగిదా వచ్చినాము అక్కా, మీరు శ్రమపడద్దు" అంది. మమ్మల్ని గట్టెక్కించింది. నాయుడికి రెండు గోనెలుంటే మా వంటింట్లో రెండు రకాల గ్లాసులున్నాయి. ఆయన్ను వెక్కిరించే హక్కు నాకు ఎంత ఉందో ఆ సాయంత్రం తెలిసింది. మరుసటి నెల నా భార్య ఎవరినీ అడగకుండా ఇంటి వెండిగ్లాసుతో సహా ఉన్నవన్నీ పళ్ళెంలో పెట్టి వాకిట్లోకి తెచ్చింది. నాకన్నా ఆమె ఒక నెల ముందుంది.

అలా ఐదు నెలలు నడిచింది. పప్పు ధర పెరిగింది, నాకు మూడు యాభై అయింది, కాలనీకి ఎంతయినా మాకు అక్కర లేకపోయింది. నాయుడికి మాత్రం బెంగ పట్టుకుంది.

"చుట్టాలు ఇంగా పోలేదా బావా?"

"లేదప్పా."

"ఏమి చుట్టాలు అట్ల! పప్పు తినడానికేదా వచ్చినారా? నేను వచ్చి ఒక మాట చెప్పేదా?"

"వద్దు వద్దు. పెద్దవాళ్ళు."

చెబుతూ నవ్వుకునేవాణ్ణి. నా పట్టికలో మూడు యాభై వేస్తూనే ఉన్నాను. ఇప్పుడది అబద్ధం కాదులే, పదకొండు ఇళ్ళకు నిజంగా అదే ధర కదా, అని నన్ను నేను మెచ్చుకున్నాను. మనిషి తన తప్పును పుణ్యంగా మార్చుకోవడానికి ఐదు నెలలు కూడా అక్కరలేదు. ఆ కాలనీలో మిగతా వరసలు ఎన్నో ఉన్నాయి. వాళ్ళంతా గుమ్మం గోనెలోంచే కొంటున్నారు. వాళ్ళ సంగతి నేను అడగలేదు.

*మూడు తొంభై*

బండివాడు చెప్పేశాడు. పాపం, దాచాలని అతనికి ఎవరూ చెప్పలేదు. మా వాకిట్లో ఎవరు కూర్చుని పప్పు పంచుకుంటున్నారో, ఏ గ్లాసులో కాఫీ తాగుతున్నారో, అన్నీ నాయుడికి చెప్పాడు.

ఆ సంగతి తెలియకుండానే శనివారం ఉదయం కడకు వెళ్ళాను. నాయుడు తక్కెడ తుడుస్తున్నాడు. తలెత్తలేదు. స్టూలు లోపల ఉంది, బయటికి రాలేదు.

"ఏమప్పా, బాగుండావా?" అన్నాను.

తలెత్తి నన్ను చూశాడు. ఆ కడ మెట్టెక్కిన మొదటి రోజు చూసినట్టే, కొత్త మనిషిని చూసినట్టు.

"ఎన్న వేణుం సార్?" అన్నాడు. ఏం కావాలని తమిళంలో అడిగాడు.

నేను తెలుగులోనే, "పప్పు ఎంత ఈ వారం?" అన్నాను.

ఆయన తమిళంలోనే, "కిలో మూడు తొంభై సార్" అన్నాడు.

"పోయిన వారం మూడు యాభై అన్నావే."

"అది తెలిసినవాళ్ళకి సార్."

మా చెల్లెలు బాగుండాదా అని ఆయన అడగలేదు. అరకిలో ఇమ్మన్నాను. గుమ్మం గోనెలోంచి తీశాడు. తూచి, పొట్లం కట్టి, నా చేతిలో పెట్టబోయి, ఒక క్షణం ఆగి, మెట్టు మీద పెట్టాడు.

మా ఇద్దరి మధ్య నాలుగు వందల ఏళ్ళ భాష ఉంది, ఆయన అత్తగారి ఊరుంది, మా తాతల ఇంటిపేరుంది. అవన్నీ కలిపితే కిలోకు నలభై పైసలని ఆ ఉదయం తేలింది.

వంగి పొట్లం తీసుకున్నాను. మిల్లు గేటు దగ్గర షిఫ్టు వదిలారు. రూతమ్మ తలకు అంటుకున్న దూది దులుపుకుంటూ వస్తోంది. జరిగింది చెప్పాను. ఇక లోపలి గోనె మనకు దొరకదని, పదకొండు ఇళ్ళవాళ్ళు నన్ను క్షమించాలని అన్నాను. ఆమె పొట్లం విప్పి, నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని, ఒక రాయిని వేలితో పక్కకు తోసింది.

"ఎంతన్నాడు?"

"మూడు తొంభై."

"మొన్న మా వెనక వరసలో ఆమెకీ అదేదా" అంది. పొట్లం కట్టి నా చేతికిచ్చింది. "అదేదా వెల సార్. ఇప్పుడు పోయి రాయండి."